సాన్పి చల్లినోళ్లదే వాకిలి

నాకు కోపం ఎక్కువని గద్వాలలో ఎవరిని అడిగినా చెబుతారు. అడగకపోయినా చెబుతారు. నేనేమీ కాదనను. ఆ కోపమే లేకపోతే ఆ వాకిలి మాకు దక్కేది కాదు, మా మగ్గం ఆడేది కాదు.

వాకిలంటే నాలుగు అడుగుల వాకిలి అనుకునేరు. అలివేలమ్మ పెద్దింటి వెనక తూర్పు కొసన ఒక ఇల్లు, పడమటి కొసన ఒక ఇల్లు. రెండూ ఆమెవే, రెండూ అద్దెకిచ్చేవే. ఆ రెండు గడపల నడుమ పొడుగ్గా, చదునుగా, రాయీ రప్పా లేకుండా పరుచుకున్న జాగా అది. తూర్పు ఇంట్లో మేముండేవాళ్లం. పడమటి ఇల్లు చాలా ఏళ్లు తాళం వేసే ఉంది.

మేం సాలోళ్లం. నా పేరు రుక్కమ్మ. మా ఆయన సాయన్న. మొగుడి పేరు పలకకూడదంటారు, మరి పలకకపోతే ఆయనెవరో మీకెట్లా తెలుస్తుంది? చీర నేయాలంటే ముందు పడుగు సిద్ధం చేసుకోవాలి. చీర పొడుగునా పారే నూలు పోగులే పడుగు. వాటిని ఆరుబయట గుంజలకు కట్టి, బారుగా సాగదీసి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో ఆ కొస నుంచి ఈ కొసకు దువ్వుతూ ఆరబెట్టాలి. గంజి పట్టని పోగు మగ్గం మీద పుటుక్కున తెగుతుంది. ఈ పని ఇంట్లో కాదు, బండ్లూ మేకలూ తిరిగే బజారులో అసలే కాదు. గాలి లేస్తే తడి పోగులు ఒకదానికొకటి అల్లుకుపోతాయి గనుక తెల్లవారి గాలి లేవకముందే చేసుకోవాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సాగదీసిన పడుగును మా దగ్గర ఎవరూ దాటరు. దాటితే నేసేవాడి బతుకు తెగుతుందని నమ్మకం. పెండ్లి ఊరేగింపు వచ్చినా సరే, బాజాలు ఆపుకుని చుట్టూ తిరిగి పోవాల్సిందే.

అంతకుముందు మేమున్న గట్టు అనే ఊళ్లో మాకు మగ్గం ఉండేది గాని పడుగు సాగదీసే జాగా లేదు. మగ్గం అటక మీద పడేసి పరాయి చేన్లలో కలుపు తీసి బతికాం. నేసే చేతులతో ఆయన గడ్డి పీకుతుంటే నాకు చూడబుద్ధయ్యేది కాదు. అందుకే గద్వాల వచ్చి ఈ వాకిలి చూసిన రోజున ఇంట్లోకి తొంగి కూడా చూడలేదు. వాకిలి ఆ కొస నుంచి ఈ కొసకు నడిచి, "ఇల్లు మంచిగుందమ్మా" అన్నాను.

అలివేలమ్మ నవ్వింది. వ్యాపారస్తుల ఇంటి ఆడది, మొగుడు పోయాక పల్లీల బేరమంతా ఒంటి చేత్తో నడుపుతోంది. "ఎనక సంగతి నాకు పట్టది. ఊడ్సుకునుడు, సాన్పి సల్లుకునుడు మీ పనే. సాన్పి సల్లినోళ్లదే వాకిలి" అంది. సాన్పి అంటే పేడనీళ్లు. పొద్దున్నే చల్లితే దుమ్ము అణుగుతుంది, ఇంటికి కళ వస్తుంది. ఆ మాటను నేను కొంగున ముడేసుకున్నాను.

యుద్ధం రోజుల్లో నూలు దొరకడమే గగనమైపోయింది. సరిగ్గా అప్పుడే పడమటి ఇంటి తాళం తీశారు. బిజినేపల్లి నుంచి ఒక బండి వచ్చింది. అందులోంచి నిలువెత్తు విల్లు ఒకటి దించారు. దూది ఏకే విల్లు. దాని వెనకే బాబు మియా దిగాడు, సన్నగా, మెత్తగా, మాట బయటికి రాని మనిషి. ఆయన వెనక పెళ్లాం హుసేన్‌బీ దిగింది. ఆమెకు మాటలు బాగానే వచ్చునని దిగిన నిమిషంలోనే తెలిసింది.

"అక్కా, జర చాటిస్తవా? బియ్యం చెరుగుకోవాలె" అంటూ నేరుగా మా గడపలోకి వచ్చింది. ఇచ్చాను. నేనంత చెడ్డదాన్నేం కాదు.

రెండో రోజు పోయి ఆ చాట వెనక్కి గుంజుకొచ్చాను. ఎందుకంటారా? ఆ పొద్దున వాకిట్లో ఉన్నది మామూలు పడుగు కాదు. అలివేలమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గితే అమ్మవారు జమ్ములమ్మకు పట్టంచు చీర పెడతానని మొక్కుకుంది. ఆ చీర ఒంటికి కావలసిన నూలు కోసం మా ఆయన ఎన్ని గడపలు తొక్కాడో నాకు తెలుసు. దానికి గంజి పట్టించి దువ్వుతుంటే పడమటి కొసన బాబు మియా చాప పరిచి విల్లు మోగించాడు. పొడి నేల మీద పింజలు దొర్లుకుంటూ వచ్చాయి. మా ఆయన అటూ ఇటూ నడుస్తుంటే కాళ్ల కింద నుంచి లేచి, తడి గంజి మీద అంటుకున్నాయి. చూస్తుండగానే పడుగంతా బొచ్చు మొలిచింది.

"ఏమమ్మో! నీ దూదొచ్చి నా పడుగు మీద పడ్తుంది, కానొస్తలేదా?"

"నా దూదికి కండ్లున్నయా అక్కా, సూసి పడనీకె?" అంది హుసేన్‌బీ, నడుం మీద చెయ్యి పెట్టుకుని.

"దానికి లేవు, నీకున్నయి గదా! లోపల ఏకుకోరాదు?"

"లోపల ఏకితే మా ఇంటాయనకు దమ్మొస్తది. ఊపిరాడదు. గాలి లేస్తే దూదంత ఎగిరిపోతది. గందుకే పొద్దుగాల బయట ఏకుతం. నీ తీర్గనే."

"దమ్మొస్తే దవాఖానకు తోల్కపో. నా పడుగుకు దవాఖాన లేదు!"

ఆమె ముఖం ఎర్రబడింది. బాబు మియా విల్లు దించి, చాప చుట్టుకుని లోపలికి పోయాడు. మా ఆయన ఒక్కో పింజ పీకుతూ కూర్చున్నాడు. ఎండ ఎక్కేసరికి గంజి ఆరిపోయి, పింజలు పోగుల్లోకి ఇంకిపోయి, పడుగు చుట్టి మూలన పెట్టాల్సి వచ్చింది. ఆయన తిడితే నాకు బాగుండేది. ఆయన తిట్టే మనిషి కాదు. ఆ మూల వైపు చూసినప్పుడల్లా నాకు గట్టు చేన్లు కళ్ల ముందు కదిలాయి.

ఊరుకుంటానా! మర్నాడు కోడి కూతకే లేచాను. అంతవరకు గుంజల దాకానే చల్లే సాన్పి ఆ రోజు వాకిలంతా చల్లాను. హుసేన్‌బీ గడప రాయి తడిసేదాకా చల్లాను. దాని ముందు ఇంత పెద్ద ముగ్గు కూడా పెట్టాను. తడి నేల మీద దూది పరవలేరు. పైగా సాన్పి చల్లినోళ్లదే వాకిలి. ఇక ఏం చేస్తుందో చూద్దామని నడుం కట్టుకుని నిలబడ్డాను.

ఆమె తలుపు తీసింది. నేల చూసింది. ముగ్గు చూసింది. "మంచిగేసినవక్కా" అని తలుపు వేసుకుంది.

లోపల విల్లు మోగింది. కాసేపటికి దగ్గు వినపడింది. విల్లు ఆగింది. మళ్లీ మోగింది, మళ్లీ దగ్గు. నాకు బాధ కలగలేదని అనను. కలిగింది. మా ఆయన కండె చేత్తో పట్టుకుని, నూలు చుట్టడం మానేసి అటే వింటుంటే ఇంకా కలిగింది. "ఏందట్ల సూస్తున్నవ్? నీ పడుగు పోయినప్పుడు ఎవలన్న వచ్చిండ్రా?" అని ఆయన మీదే కసురుకున్నాను.

ఆ తర్వాత ఒక పొద్దున కుండ పట్టుకుని బయటికి వచ్చి బిత్తరపోయాను. వాకిలి అప్పటికే తడిసి ఉంది. పడమటి కొస నుంచి నా గడప దాకా పచ్చగా, ఒత్తుగా, ఎక్కడా ఎండు మచ్చ లేకుండా చల్లి ఉంది. నడుమ హుసేన్‌బీ ఖాళీ కుండతో నిలబడి కొంగుతో చెమట తుడుచుకుంటోంది.

"నువ్వు సాన్పి సల్లినవా?"

"ఎందుకు సల్లొద్దు? మా బిజినేపల్లిల మేం గూడ సల్లుతం. మా అమ్మ సల్లేది, మా అత్త సల్లేది. అలివేలమ్మనే చెప్పింది నాకు, సాన్పి సల్లినోళ్లదే వాకిలని."

నా ఒళ్లు భగ్గుమంది. ముసల్ది ఒకే వాకిలిని ఒకే మాటతో ఇద్దరికి కట్టబెట్టింది! కానీ ఆ కోపం ముసలిదాని మీద పోవాల్సింది, ఎదురుగా ఉన్నది హుసేన్‌బీ కాబట్టి ఆమె మీద పోయింది. చల్లిన దాని మీదే మళ్లీ చల్లాను. ఆమె పోయి ఇంకో కుండ కలుపుకొచ్చింది.

ఇక చూడండి! ఆ ఆషాఢంలో గద్వాల బర్రెలకు జరిగిన మర్యాద మరెప్పుడూ జరగలేదు. యాదయ్య బర్రెలు మేతకు బయలుదేరితే వాటి వెనక ఒక పక్క నేను గంపతో, ఒక పక్క ఆమె గంపతో. పేడ నేల మీద పడకముందే నాదంటే నాదని అరుచుకున్నాం. యాదయ్య తల పట్టుకుని, "అమ్మలాల, బర్రెను జర నడువనియ్యుండ్రి" అని మొక్కాడు. నేను గుంజలు పాతితే ఆమె మంచం తెచ్చి అడ్డం వేసేది. ఆమె మంచం వేస్తే నేను దాని కాళ్ల చుట్టూ ముగ్గు పెట్టేదాన్ని. వాకిలి అద్దంలా ఉంది గాని పడుగూ లేదు, దూదీ లేదు. పొయ్యి మీద గంజి నీళ్లు తాగడానికే కాచుకోవలసి వచ్చింది.

ఒకరోజు ఇద్దరం ఎదురెదురుగా నిలబడి చెంబులతో విసురుకుంటూ చల్లుతున్నాం. వెనక తలుపు తెరుచుకుంది. జమ్ములమ్మ గుడికని మడి కట్టుకుని అలివేలమ్మ బయట కాలు పెట్టింది. నా చెంబులోవి ఈ పక్క నుంచి, హుసేన్‌బీ చెంబులోవి ఆ పక్క నుంచి వెళ్లి ఆమె మీద కలుసుకున్నాయి.

అలివేలమ్మ ముఖం మీది పేడనీళ్లు తుడుచుకుంది.

"నా మొక్కు చీరేదే రుక్కా?"

"అమ్మా, దూదంటి..."

"దూదంటితే మూలకేసినవ్. అమ్మవారి చీర మూలకేసి, గీడ వాకిట్ల ఆట ఆడుతున్నరా ఇద్దరు! వాకిలుంటెనే గదా మీ లొల్లి? వాకిలే లేకుంట చేస్త. ఆషాఢంల పునాది తియ్యరని ఊకుంటున్న. శ్రావణం రాంగనే దేవదాసు మేస్త్రిని పిలిచి గీడ రెండు కొట్లు లేపిస్త. పల్లీలన్న పోసుకుంట. మీ గడపల ముందల మనిషి నడిసేటంత సందు ఇడుస్త, సాలు."

తలుపు ధడాలున పడింది. నా చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఇంత వాకిలి పోయి సందు మిగిలితే పడుగు ఎక్కడ సాగదీయాలి? పడుగు లేకపోతే మగ్గం మళ్లీ అటకెక్కుతుంది, ఆయన మళ్లీ పరాయి చేన్లో వంగుతాడు. అవతల హుసేన్‌బీ కూడా గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఆమె ఏం చూస్తోందో నాకు తెలుసు. తలుపులు మూసిన గదిలో బాబు మియా, ఆ దగ్గు.

"అంత నీతోనే!" అన్నాను నేను.

"అంత నీతోనే!" అంది ఆమె, నాతో పాటే.

ఇద్దరం మళ్లీ అందుకున్నాం. ఆ మూల నుంచి ఈ మూలకు, ఏడు తరాలు కలిపి. మేం అరుచుకుంటుంటే మగవాళ్లిద్దరూ ఏం చేశారో మేం గమనించనే లేదు. మా ఆయన ఇంట్లో మిగిలిన ముతక నూలు పడుగు ఒకటి తెచ్చి, ఎన్నాళ్లుగానో పాతి ఉన్న గుంజలకు కట్టాడు. బాబు మియా అడ్డంగా పడి ఉన్న మంచాన్ని తన కొసకు లాక్కుని, దాని మీద చాప పరిచి, చాప మీద దూది పెట్టాడు. ఒకరినొకరు అడిగింది లేదు, చెప్పుకుంది లేదు. విల్లు మోగింది, కుంచె ఆడింది.

నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు మా ఆయన పిలిచాడు.

"ఏమే, ఇటొచ్చి సూడు."

పడుగు ఆరిపోయి బిగుతుగా ఉంది. చేత్తో నిమిరాను. నున్నగా ఉంది. ఒక్క పింజ లేదు. తలెత్తి చూస్తే పడమటి కొసన మంచం చుట్టూ నేల తెల్లగా ఉంది. మంచం మీంచి రాలిన పింజలన్నీ తడి సాన్పికి అంటుకుని, కదలకుండా ఉండిపోయాయి. నేను చల్లిన సాన్పి మీద ఆమె చల్లిన సాన్పి, రెండూ కలిసి దూదిని పట్టుకున్నాయి. గొడవ మొదలైన రోజున నేల పొడిగా ఉంది, ఎందుకంటే నేను గుంజల దాకానే చల్లేదాన్ని, పడమటి కొస నాది కాదని వదిలేసేదాన్ని.

హుసేన్‌బీ కూడా వచ్చి చూసింది. వెంటనే ఎట్లా మాట్లాడతాం, అప్పుడే గదా ఒకరి తాతను ఒకరం తిట్టుకున్నది! నేను ఇంట్లోకి పోయి, గోడకున్న చాట తీసి, దులిపి, పడమటి గడపకు పోయాను.

"ఇగో, చాట."

"ఎప్పుడో అడిగితి."

"ఇప్పుడిస్తున్న. తీసుకుంటవా, కొండవోవాల్నా?"

తీసుకుంది. నవ్వింది కూడా. "కూసో అక్కా" అని పీట వేసింది. కూర్చున్నాను. బాబు మియా బయట, మంచం మీద, ఒక్కసారి కూడా దగ్గకుండా దూది ఏకుతున్నాడు. ఆమె చెవులు అటే ఉన్నాయి.

"ఇగ కలిసి సల్లుకున్నా ఏం ఫాయిదా అక్కా? శ్రావణమొస్తే కొట్లు లేపుతదట గదా" అంది.

"లేపుతదా? నేనుండంగనా?" అన్నాను. అప్పటికే నా తలలో ఒకటి తిరుగుతోంది. "మూలకున్న ఆ మొక్కు చీర పడుగు మంచిగయితదా, నువ్వు సూడు. దూది సంగతి నీకే గదా ఎర్క."

ఆమె చూసింది. పాత గంజి పోయేదాకా గోరువెచ్చని నీళ్లలో పడుగును నానబెట్టించింది. తర్వాత మా గడపలో కూర్చుని, వేళ్లు తడుపుకుంటూ, పోగులు చెదరకుండా పింజలు తీసింది. నేను తీస్తే పోగు లేచేది, ఆమె తీస్తే పింజ ఒక్కటే వచ్చేది. నేను పక్కన కూర్చుని ఆమెకు జొన్నరొట్టె తుంచి ఇస్తూ, నా ఉపాయం చెప్పాను. విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిందామీదా పడి నవ్వింది. పడుగు శుభ్రంగా, గంజికి సిద్ధంగా తయారయింది. దాన్ని మేం ముహూర్తం దాకా బయటికి తీయలేదు.

శ్రావణం వచ్చింది. ఒక గురువారం పొద్దున ముహూర్తం పెట్టించుకుంది అలివేలమ్మ. ముందు రోజు మాపటికి దేవదాసు వచ్చి, తాడు పట్టి, వాకిలి నడుమ సున్నంతో పునాది గీతలు పోశాడు. తెల్లటి గీతలు, నాలుగు గోడలూ నడుమ గోడా. మా ఆయన గడపలో కూర్చుని ఆ గీతలనే చూస్తూ అన్నం ముద్ద చేతిలోనే ఉంచుకున్నాడు. "తిను. అది గోడ కాదు, సున్నం" అన్నాను. పైకి అన్నాను గాని, చెంబు కడగడానికి పోతూ నేను కూడా ఆ గీతల మీద కాలు పెట్టలేదు.

తెల్లవారుతూనే హుసేన్‌బీ ఆ కొస నుంచి, నేను ఈ కొస నుంచి సాన్పి అందుకున్నాం. ఈసారి పోటీకి కాదు. నడుమ కలుసుకునేసరికి దేవదాసు గీతలు ఎక్కడ ఉండేవో మాకే తెలియలేదు. నా గడప నుంచి ఆమె గడప దాకా ముగ్గు పెట్టాను. మగవాళ్లు వచ్చారు. జమ్ములమ్మ చీర పడుగు గుంజలెక్కింది. నున్నగా, బారుగా, వాకిలిని రెండుగా చీల్చుతూ. ఆయన గంజి పట్టించి కుంచె అందుకున్నాడు. పడమటి కొసన మంచం మీద విల్లు మోగింది.

అలివేలమ్మ పసుపు, కుంకుమ, కొబ్బరికాయ ఉన్న పళ్లెం పట్టుకుని వచ్చింది. వెనక దేవదాసు గడ్డపారతో. ఇద్దరూ తలుపు దగ్గరే ఆగిపోయారు.

"గీతలేవిరా?" అంది ఆమె.

"నిన్న పోసినమ్మా" అన్నాడు దేవదాసు, నేలంతా వెతుకుతూ.

"సాన్పి సల్లినం అమ్మా. శ్రావణమాసం, లచ్చిందేవి వచ్చే పూట. వాకిలి ఎండబెట్టమంటవా?" అన్నాను.

ఆమెకు అర్థమయింది. ముఖం కందగడ్డ అయింది. "ఆటలాడుతున్నవా? ముహూర్తం దాటుతుంది. ఆ పడుగు ఇప్పండ్రి!"

మా ఆయన కుంచె ఆపాడు. నా వైపు చూశాడు. "నువ్వు దువ్వు" అన్నాను. ఆమె వైపు తిరిగాను. "తడి పడుగు ఇప్పితే పోగు మిగలదమ్మా. ఇంకో పడుగుకు నూలు ఏడా దొరకదు. ఇది నీ మొక్కు చీర. ఇప్పాలె అంటే నువ్వే ఇప్పు. తెంపాలె అంటే నువ్వే తెంపు. మా చేతులకైతే రాదు."

అలివేలమ్మ ఒక కాలు ముందుకు వేసింది. పడుగు ఆమె మోకాలికి ఎదురుగా ఉంది, ఏ మోకాళ్ల కోసం ఆ చీర మొక్కుకుందో ఆ మోకాళ్లకు. కాలు అక్కడే నిలిచిపోయింది. తర్వాత వెనక్కి వచ్చింది.

"దేవదాసు, చుట్టు తిరిగొచ్చి ఆ పక్కకెల్లి తవ్వు."

దేవదాసు గడ్డపార గోడకు ఆనించాడు. "అమ్మా, గుంజలు కదిలితే పడుగు పోతది. నేను గోడలు కట్టెటోన్ని. నాతోని గాదు" అన్నాడు.

"అయితే రేపు సూస్త!"

"రేపు బాబు మియా దూది పరుస్తడు. ఎల్లుండి మా వీధి జోగులమ్మ పడుగుంది. ఆమెకు జాగా లేక పరేషానైతుంది, రమ్మన్న. ఆ ఎన్కాల ఇంకొకలు. నీ వాకిలి ఇగ ఒక్క పొద్దు గూడ ఖాళీ ఉండదమ్మా" అన్నాను. "నువ్వు నాకు ఒక మాట చెప్పినవ్. సాన్పి సల్లినోళ్లదే వాకిలన్నవ్. అదే మాట హుసేన్‌బీకి చెప్పినవ్. ఇద్దరం నీ మాట మీదనే ఉన్నం. నువ్వే సూడు, పొద్దుగాల ఈ కొస నుంచి ఆ కొస దాక సల్లింది ఎవలు?"

అలివేలమ్మ నేల వైపు చూసింది. పడుగు వైపు చూసింది. పడమటి కొసన విల్లు మోగుతూనే ఉంది. ఆమె చూపు అక్కడికి పోయి, మంచం చుట్టూ నేలకు అంటుకున్న దూది మీద ఆగింది.

"ఈసారి గూడ దూదంటదా?" అంది చివరికి.

"ఒక్క పింజంటినా నన్నడుగుండ్రి అమ్మా. నా చేత్తో తీస్త" అంది హుసేన్‌బీ.

ముహూర్తం పోతున్నదని దేవదాసు గొణిగాడు. "పోనీ" అంది అలివేలమ్మ. పళ్లెంలోంచి కొబ్బరికాయ తీసి, పడుగు దాటకుండా, గుంజల చివరిదాకా చుట్టూ నడిచి పోయి మా ఆయన చేతిలో పెట్టింది. "పూజకు తెచ్చింది ఎనక్కి తీస్కపోవద్దు. నీ పడుగు ముందల కొట్టు. నా చీర జల్ది నెయ్యి" అంది. కొట్ల ఊసు ఎత్తలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఎత్తలేదు.

ఆయన కొబ్బరికాయ కొట్టాడు. ముక్కలు చేసి అందరికీ పంచాడు. బాబు మియా ముక్క నములుతూ నవ్వాడు. అంతవరకు ఆయన పళ్లు ఎట్లా ఉంటాయో నాకు తెలియదు. మా ఆయన కళ్లు తుడుచుకుంటుంటే గంజి పడిందేమో అన్నట్టు నేను వేరే వైపు తిరిగాను. నాకు మాత్రం ఏడుపు రాలేదు. గెలిచిన రోజు నేనెందుకు ఏడుస్తాను?

మర్నాడు పొద్దున మెలకువ వచ్చేసరికి బయట చప్పుడు వినిపిస్తోంది. చెంబులోంచి నీళ్లు నేల మీద పడుతున్న చప్పుడు. దుప్పటి తన్నేసి బయటికి ఉరికాను. హుసేన్‌బీ అప్పటికే నా గడప దాకా చల్లేసి, కుండ బోర్లించి, దాని మీద హాయిగా కూర్చుని ఉంది.

"ఏందే ఇది? నీ సగం నువ్వు సల్లుకో! నా సగం ఎందుకు సల్లినవ్?"

ఆమె నింపాదిగా లేచింది. కుండ చంకన పెట్టుకుంది.

"నీ సగం ఏడుందక్కా? జర సూపియ్యి."

నేను చూశాను. గడప నుంచి గడప దాకా ఒకటే పచ్చటి తడి, నడుమ గీత లేదు. ఏం చేస్తాను, లోపలికి పోయి ముగ్గు గిన్నె తెచ్చుకున్నాను.